ఒమెగా స్పీడ్‌మాస్టర్ ప్రొఫెషనల్: హెసలైట్ అద్దమే ఎందుకు తీసుకోవాలి

స్పీడ్‌మాస్టర్ మాట వస్తే ఎవరైనా చంద్రుడి దగ్గరే మొదలుపెడతారు. 1957లో ఈ వాచీ బజారులోకి వచ్చేనాటికి మనిషి ఇంకా అంతరిక్షంలో అడుగే పెట్టలేదు. ఆ ఏడాది ఒమెగా మూడు పనివాచీలు తెచ్చింది: నీటిలో పనిచేసేవాళ్లకు సీమాస్టర్ 300, అయస్కాంత క్షేత్రాల మధ్య పనిచేసేవాళ్లకు రైల్‌మాస్టర్, కార్ల పందేలకు స్పీడ్‌మాస్టర్. అంతకుముందు క్రోనోగ్రాఫ్‌లలో (స్టాప్‌వాచ్ కూడా ఉన్న వాచీల్లో) వేగం కొలిచే టాకీమీటర్ అంకెలు డయల్ అంచున ఇరుక్కుని ఉండేవి. స్పీడ్‌మాస్టర్ వాటిని అద్దం చుట్టూ ఉండే బయటి కట్టు, అంటే బెజెల్ మీదికి చేర్చింది. దాంతో డయల్ తేరుకుంది. నల్లటి డయల్, తెల్లటి ముళ్లు, మూడు చిన్న లెక్కింపు వలయాలు, తేదీ గడి లేదు. చూసీ చూడగానే అంకె అందుతుంది. ఈ వాచీ చరిత్రంతా ఆ ఒక్క సుగుణం చుట్టూనే తిరిగింది.

మొదటి మోడల్ సీకే2915కు బాణం మొన లాంటి వెడల్పు ముళ్లు, స్టీలు బెజెల్ ఉండేవి. 1959 నాటి సీకే2998తో నల్ల బెజెల్ వచ్చింది. 1962 అక్టోబరులో వ్యోమగామి వాలీ షిరా సొంత సీకే2998ను పెట్టుకుని మెర్క్యురీ నౌకలో భూమి చుట్టూ తిరిగాడు. అప్పటికి నాసా అధికారికంగా ఏ వాచీనీ ఎంచుకోలేదు. ఆ తరువాత జరిపిన పరీక్షలు మాత్రం నిర్దయగా ఉన్నాయి. 71 డిగ్రీల సెల్సియస్ వేడిలో 48 గంటలు, ఆ వెంటనే 93 డిగ్రీల్లో అరగంట, మైనస్ 18లో నాలుగు గంటలు, 95 శాతం తేమలో 240 గంటలు, ఆరు దిక్కుల నుంచి 40 జీ దెబ్బలు, ఆపైన శూన్యం, కంపనం, త్వరణం. పోటీకి వచ్చిన వాటిలో చివరిదాకా నిలిచింది స్పీడ్‌మాస్టర్ ఒక్కటే. 1965 మార్చి 1న నాసా దాన్ని ప్రయాణాలకు అర్హమైనదిగా ప్రకటించింది. జూన్ 3న ఎడ్ వైట్ జెమిని 4 నుంచి బయటికి వచ్చి తేలినప్పుడు స్పేస్‌సూట్ మీద ఉన్నది ఇదే.

చంద్రుడి మీదికి మొదట వెళ్లింది 105.012 అనే రిఫరెన్స్ (మోడల్ సంఖ్య). నేటి ఆకారం దాదాపు దీనిదే: 42 మి.మీ. కేసు, కుడివైపు కాస్త ఉబ్బి కీనీ బటన్లనూ కాపాడే అసమాన అంచు, డయల్ మీద 'ప్రొఫెషనల్' అన్న మాట. 1969 జులైలో లూనార్ మాడ్యూల్‌లోని ఎలక్ట్రానిక్ టైమర్ మొరాయించడంతో ఆర్మ్‌స్ట్రాంగ్ తన వాచీని అక్కడే వదిలి దిగాడు. కాబట్టి చంద్రుడి నేల మీద మొదట కాలం చూపింది ఆల్డ్రిన్ చేతి వాచీ. స్మిత్‌సోనియన్ మ్యూజియానికి పంపుతుండగా పోయిన అది ఈనాటికీ దొరకలేదు. 1970 ఏప్రిల్‌లో అపోలో 13 దారి సరిచేసుకోవడానికి ఇంజిన్‌ను 14 సెకన్లు మండించాల్సి వచ్చినప్పుడు ఆ లెక్క చూసిందీ స్పీడ్‌మాస్టరే.

ఇక లోపలి యంత్రం. కొనేవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తొలి స్పీడ్‌మాస్టర్లలో ఉన్నది కాలిబర్ 321 (కాలిబర్ అంటే యంత్రం నమూనా): లెమానియా తయారీ, క్రోనోగ్రాఫ్‌ను నడిపి ఆపే కాలమ్ వీల్ అనే స్తంభాల చక్రం, గంటకు 18,000 కదలికలు. 1968లో దాని బదులు 861 వచ్చింది. కాలమ్ వీల్ పోయి అదే పని చేసే కామ్ అనే సాదా పలక వచ్చింది, వేగం 21,600కు పెరిగింది. సేకరించేవాళ్లు 321ను దేవుడి పటంలా చూస్తారు కానీ, రోజూ పెట్టుకునే మనిషికి 861 తక్కువదేమీ కాదు. సరళం, గట్టిది, బాగుచేయడం సులువు. 1990ల చివర వచ్చిన 1861 దాదాపు అదే యంత్రం, పూత మారిందంతే. తరువాతి 861ల్లో, 1861ల్లో చాలావాటికి క్రోనోగ్రాఫ్ బ్రేకు ప్లాస్టిక్‌ది. విప్పి చూసినవాళ్లు దీన్ని చౌకబారుతనం అని కొట్టిపారేస్తారు. ప్లాస్టిక్ బ్రేకు పనిలో ఏ లోటూ చేయదు.

ప్రస్తుతం అమ్ముతున్న స్టీలు మోడల్లో 2021 నుంచి ఉన్నది 3861. స్ప్రింగు శక్తిని కొద్దికొద్దిగా వదిలే కో-యాక్సియల్ ఎస్కేప్‌మెంట్, లయ నిలిపే సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్, నిండా కీ ఇస్తే 50 గంటల నిల్వ, 15,000 గాస్ అయస్కాంతాన్ని తట్టుకునే శక్తి, రోజుకు 0 నుంచి +5 సెకన్ల లోపు తేడా అన్న మాస్టర్ క్రోనోమీటర్ ధ్రువీకరణ. కీ బయటికి లాగగానే సెకన్ల ముల్లు ఆగుతుంది, 1861లో ఆగదు. డయల్ అంచును దగ్గరగా చూడండి: 1861లో ఒక్కో సెకను ఐదు భాగాలుగా ఉండేది, ఇప్పుడు మూడు. యంత్రం సెకనుకు ఆరు అడుగులు వేస్తుంది కాబట్టి ఐదు గీతల మీద ముల్లు ఎప్పుడూ సరిగా కూర్చునేది కాదు. మూడు గీతలతో ఆ లెక్క కుదిరింది. ఇలాంటి చిన్న సవరణలే ఈ తరం మీద గౌరవం పెంచుతాయి.

వాడకం సులువే. పై బటన్ నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ఆపు, ఆగాక కింది బటన్‌తో సున్నాకు. నడుస్తుండగా కింది బటన్ జోలికి పోవద్దు. వేగం కొలవాలంటే ఒక కిలోమీటరు రాయి దగ్గర మొదలుపెట్టి తరువాతి రాయి దగ్గర ఆపండి. 40 సెకన్లు పడితే ముల్లు బెజెల్ మీద 90 చూపిస్తుంది, అదే గంటకు కిలోమీటర్లలో వేగం. స్కేలు 500 నుంచి 60 దాకానే ఉంటుంది, అంతకంటే నెమ్మదైతే పనికిరాదు. ఆ 90 పక్కన కాకుండా పైన చుక్క ఉండటం పాత బెజెళ్ల గుర్తు. 3861 దాన్ని తిరిగి తెచ్చింది.

ఇది ఆటోమేటిక్ కాదు. రోజూ ఒకే వేళకు కీ ఇవ్వండి, గట్టిపడగానే ఆపేయండి, బలవంతం చేస్తే స్ప్రింగుకే నష్టం. ఇక్కడ ఒక నిజమైన లోపం ఉంది. కీ చిన్నది, పైగా కాపలా అంచుల మధ్య సగం దాక్కుని ఉంటుంది. లావు వేళ్లవాళ్లకు విసుగు పుడుతుంది. రోజూ కీ ఇవ్వాల్సిన వాచీకి ఇది ఉండకూడని ఇబ్బంది. బ్రేస్‌లెట్ మాత్రం ఈ తరంలో చాలా మెరుగుపడింది. కేసు దగ్గర 20 మి.మీ.తో మొదలై బకిల్ దగ్గర 15కు సన్నబడుతుంది, పాతదానిలా చేతికి బరువనిపించదు.

అద్దం సంగతి. రెండు రకాలున్నాయి: హెసలైట్ అనే ఆక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్), లేదా నీలమణి గాజు. నీలమణి రకానికి వెనక మూత కూడా గాజే కాబట్టి యంత్రం కనిపిస్తుంది, ధర కూడా ఎక్కువ. అయినా మా ఓటు హెసలైట్‌కే. నీలమణిని పక్క నుంచి చూస్తే అంచు చుట్టూ పాలలాంటి తెల్ల వలయం కనిపిస్తుంది. హెసలైట్‌లో అది ఉండదు, డయల్ అంచుదాకా స్పష్టం. దెబ్బ తగిలితే గాజులా ముక్కలై చెదరదు. భారరహిత స్థితిలో పెంకులు గాలిలో తేలితే కళ్లకూ ఊపిరితిత్తులకూ ముప్పు, ఈ అద్దం అక్కడ తగినదైంది అందుకే. భూతద్దంతో చూస్తే దాని మధ్యలో ఆవగింజలో సగం కూడా లేని ఒమెగా గుర్తు కనిపిస్తుంది. అసలు అద్దమని తేల్చుకోవడానికి అదొక ఆనవాలు.

హెసలైట్‌పై గీతలు పడటం ఖాయం. పోగొట్టడం తేలికే. చుట్టూ బెజెల్‌కు టేపు అంటించండి, ఎందుకంటే అది రంగు పూసిన అల్యూమినియం, రుద్దితే పూత పోతుంది. పాలివాచ్ లాంటి పాలిష్ పేస్టును బఠాణీ గింజంత తీసుకుని, మెత్తటి నూలుగుడ్డతో గీతకు అడ్డంగా రెండు మూడు నిమిషాలు రుద్దండి. లోతుగా ఉంటే మళ్లీ చేయండి. పగులు ఉంటే మాత్రం పాలిష్ పనిచేయదు, అద్దం మార్చాల్సిందే.

నీటి సంగతి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. 50 మీటర్లు అని రాసి ఉన్నా ఇది ఈత వాచీ కాదు. కీకి మర బిగింపు లేదు, తడిలో బటన్లు నొక్కకూడదు. రబ్బరు వాషర్లు ఏళ్లు గడిచేకొద్దీ ఎండిపోతాయి. లోపల ఆవిరి పట్టినట్టు కనిపిస్తే అదే రోజు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి, తుప్పు ఆగదు.

పాతది కొనేవాళ్లు ముందుగా క్రోనోగ్రాఫ్ నడిపి చూడాలి. మొదలైనప్పుడు ముల్లు కొద్దిగా గెంతితే అది లోపం కాదు. పళ్ల చక్రం పక్క నుంచి వచ్చి కలిసే ఈ అమరిక స్వభావమే అది. కానీ సున్నాకు తెచ్చినప్పుడు మూడు ముళ్లూ ఖచ్చితంగా గీత మీద నిలవాలి. పక్కకు ఆగితే దెబ్బ తగిలి ముల్లు జారిందన్నమాట, మెకానిక్ మళ్లీ కూర్చోబెట్టగలడు. 861, 1861లను టైమ్‌గ్రాఫర్ (చప్పుడు విని వాచీ నడక కొలిచే పరికరం) మీద 50 డిగ్రీల లిఫ్ట్ యాంగిల్‌తో (ఆ పరికరంలో ఈ యంత్రాలకు పెట్టాల్సిన అమరిక) పెట్టండి. నిండా కీ ఇచ్చాక ఆంప్లిట్యూడ్, అంటే లోపలి బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, 260 డిగ్రీలు దాటాలి. క్రోనోగ్రాఫ్ నడుస్తున్నప్పుడు కొంత తగ్గడం మామూలే, 220 కిందికి జారితే నూనె ఎండిందనుకోండి. ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతుంటే ముందు అనుమానించాల్సింది అయస్కాంతాన్ని. డీమాగ్నెటైజర్ మీద కొన్ని సెకన్ల పనే, దానికి సర్వీసు పేరుతో డబ్బు పెట్టొద్దు.

తరువాత డయల్. 1960ల నుంచి 1990ల రెండో సగం దాకా తయారైనవాటి డయల్ అడుగున 'టీ స్విస్ మేడ్ టీ' అని ఉంటుంది, చీకట్లో వెలగడానికి ట్రిటియం వాడారని అర్థం. ట్రిటియం అర్ధాయువు 12 ఏళ్లకు పైచిలుకే కాబట్టి ఆ డయల్ ఇప్పుడు చీకట్లో ప్రకాశించకూడదు. బాగా వెలిగితే కొత్తగా రంగు పూశారని తెలుసుకోండి, ఆ మేరకు ధర తగ్గించమనండి. చివరగా లగ్గులు (పట్టీ తగిలించే కేసు కొమ్ములు) చూడండి. వీణ మెడలా వంగిన వాటి మీద మెరుగు పెట్టిన తలం, గీతల తలం కలిసే చోట పదునైన గీత ఉండాలి. అది మొద్దుబారితే కేసును పలుమార్లు పాలిష్ చేశారు. అరిగిన లోహం తిరిగి రాదు. యంత్రం పాడైతే బాగుచేయవచ్చు, కేసు పోతే పోయినట్టే, కాబట్టి రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే పదును నిలిచిన కేసునే ఎంచుకోండి.