నక్కలగుట్ట గంజి ఇస్త్రీ షాపు: కాటన్‌కు బెస్ట్, పట్టు మాత్రం ఇవ్వకండి

ఆఫీసుకు రోజూ కాటన్ చీరే కట్టేవాళ్లకు ఇది పనికొస్తుంది, మిగతావాళ్లు దాటేయొచ్చు. హన్మకొండ నక్కలగుట్టలో లోపలి సందులో ఉంటుంది, బోర్డు లేదు, భార్యాభర్తలే నడుపుతారు. చీరలకు గంజి పెట్టడం, రోలింగ్ (రోలర్‌కు చుట్టి ముడతలు తీయడం), ఇస్త్రీ, అంతే.

నాది రీజినల్ ఆఫీసులో ఉద్యోగం. పొద్దున ఆరున్నరకల్లా ఇంట్లోంచి బయటపడాలి, ఒకరోజు జనగామ, ఒకరోజు మహబూబాబాద్, పైవాళ్లతో మీటింగ్ ఉంటే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్, అంటే ఒకవైపే 130 కిలోమీటర్ల పైన, ఇంత తిరిగినా సాయంత్రం మీటింగ్‌లో చీర నలగకుండా కనబడాలి. అందుకే బీరువాలో ఆఫీసుకంటూ ఒక్క అరే పెట్టుకున్నా. నారాయణపేట కాటన్‌లు, నిజాం అంచు మంగళగిరివి, ఒక సిద్దిపేట గొల్లభామ, మొత్తం ఆరు చీరలు. వాటన్నిటి మీదికీ నడిచే నల్ల జాకెట్లు, మెరూన్ జాకెట్లు. పొద్దున ఏం కట్టాలన్న టెన్షన్ లేదు, పైన ఉన్నది తీయడమే. (రోజూ ఒకే బూడిదరంగు టీషర్టు ఎందుకని 2014లో ఫేస్‌బుక్ జుకర్‌బర్గ్‌ను అడిగితే, ఇలాంటి చిన్న నిర్ణయాలు తగ్గించుకోవడానికే అని ఆయన చెప్పిన జవాబు ప్రపంచమంతా వార్త అయింది. నేను అదే చీర వారంలో రెండోసారి కడితే మాత్రం "ఏం మేడం, మొన్నటిదే కదా" అంటారు.)

చీరలు తక్కువ పెట్టుకుంటే కొనే ఖర్చు తగ్గుతుంది కానీ ఉన్నవాటిని చూసుకునే పని పెరుగుతుంది. గంజి వార్చి, వడగట్టి, పలచన చేసి, చీర ముంచి, నీడలో ఆరేసి, తడి పూర్తిగా పోకముందే మడతపెట్టి... మా అమ్మకు ఆదివారమంతా దీనికే పోయేది. నాకంత తీరిక లేదు. పేరున్న డ్రై క్లీనింగ్ షాపులో ఇస్తే గంజి అట్టలా పెట్టారు, కూర్చుంటే కుచ్చిళ్లు ఎదురు లేచేవి.

ఈ షాపులో ఆమె ముందు చీర చేత్తో పట్టుకుని చూస్తుంది, తర్వాతే "అక్కా, లైట్ గంజా, గట్టిదా?" అని అడుగుతుంది. గొల్లభామకు లైటే పెట్టించుకోమంది, బొమ్మలు నేసిన చోట దారాలు బిగుసుకుపోతాయట. నారాయణపేటకు మధ్యస్తంగా పెడితే కుచ్చిళ్లు ఒక్కసారికే కూర్చుంటున్నాయి, కారులో రెండు గంటలు కూర్చుని దిగినా నడుము దగ్గర తప్ప ఎక్కడా పెద్దగా నలగదు. గంజి, ఇస్త్రీ కలిపి చీరకు 80 రూపాయలు. ఎక్కువే, కానీ ఒకసారి గంజి పెట్టిస్తే రెండు కట్లు వస్తుంది కాబట్టి నాకు గిట్టుబాటే.

జాకెట్ల ఇస్త్రీ మాత్రం బాగోదు, చేతుల దగ్గర గీత పడిపోతుంది, అవి ఇంట్లోనే చేసుకుంటున్నా. ముదురు రంగుల మీద అప్పుడప్పుడు తెల్ల మరకలు కనబడతాయి, తీసుకునేటప్పుడే విప్పి చూసుకోండి. పట్టుచీర ఇస్తే తీసుకుంటారు గానీ రోలింగ్ సరిగ్గా రాదు. ఫోన్ ఎత్తరు, బిల్లివ్వరు, ఇంటికి తెచ్చివ్వరు. వానాకాలంలో ఆరక ఆలస్యం, వాసన కూడా.

బతుకమ్మ రోజుల్లో ఊరందరి చీరలూ అక్కడే ఉంటాయి, చివరి రోజు సద్దుల బతుకమ్మ అయ్యేదాకా మన కాటన్లు మూలకే. మొదటి రోజైన ఎంగిలిపూలకు వారం ముందే ఇచ్చి తెచ్చుకోండి. అలాగని తెచ్చిన చీర నెలల తరబడి బీరువాలో వదిలేయకండి, గంజికి పురుగు పడుతుంది, మడతల దగ్గర చీర చిట్లుతుంది.