భీమవరంలో ఆదివారం సాయంత్రం అంతర్జాతీయ వ్యవహారాల తరగతి

గ్రూప్స్‌కు చదువుతున్న మా అమ్మాయిని దింపడానికి వెళ్లి, ఆసక్తి పుట్టి నేనూ ఫీజు కట్టి కూర్చుంటున్న తరగతి ఇది. పాఠం చెప్పేది రాజనీతిశాస్త్రం బోధించి రిటైరైన మాస్టారు. ఉండి దగ్గర రొయ్యల చెరువులు చేసుకునే నాలాంటివాడికి కూడా అర్థమయ్యేలా చెబుతారు.

ఈ నెల అమెరికా, జపాన్. మిత్రదేశాలు కాబట్టి రెండూ ఒకే మాట మీద ఉంటాయనుకునేవారు ఈ పాఠం తప్పకుండా వినాలి. మాస్టారు బోర్డు మధ్యలో నిలువుగా గీత గీసి, ఒకే ప్రశ్నకు రెండు దేశాల నిపుణులు చెప్పిన జవాబులు ఎదురెదురుగా రాస్తారు. 1960 నాటి భద్రతా ఒప్పందం ప్రకారం జపాన్ పాలనలో ఉన్న భూభాగంపై దాడి జరిగితే అమెరికా ఆదుకోవాలి. అమెరికా గడ్డపై దాడి జరిగితే జపాన్‌కు ఆ బాధ్యత లేదు. బదులుగా సైనిక స్థావరాలకు చోటిస్తుంది.

గీతకు ఎడమ వైపు అమెరికా మాజీ అధికారులు ఆర్మిటేజ్, జోసెఫ్ నై 2012లో ఇచ్చిన నివేదిక. సామూహిక ఆత్మరక్షణపై, అంటే మిత్రదేశంపై దాడి జరిగితే దాని తరఫున పోరాడటంపై, జపాన్ పెట్టుకున్న నిషేధం కూటమికి అడ్డంకి అని ఆ ఇద్దరూ తేల్చారు. కుడి వైపు 2015 జూన్ 4. ఆ నిషేధాన్ని సడలించే బిల్లులపై జపాన్ పార్లమెంటు సంఘం ముందు మాట్లాడిన ముగ్గురు రాజ్యాంగ నిపుణులూ అవి రాజ్యాంగ విరుద్ధమన్నారు. వారిలో ఒకరిని పిలిపించింది అధికార పక్షమే! అయినా సెప్టెంబరులో బిల్లులు నెగ్గాయి. అమెరికా ఆపదలో వదిలేస్తుందేమో అన్నది జపాన్ పండితుల ఒక భయం, తమది కాని యుద్ధంలోకి లాగుతుందేమో అన్నది రెండో భయం. ఈ రెంటినీ మాస్టారు విడదీసి చెప్పిన తీరుకే నా ఫీజు గిట్టింది.

లోటు వాణిజ్యం దగ్గర ఉంది. 2017లో పసిఫిక్ వాణిజ్య ఒప్పందం నుంచి అమెరికా తప్పుకుంటే, జపాన్ మిగిలిన దేశాలను కూడగట్టి మరుసటి ఏడాది సంతకాలు చేయించిందని ఒక్క మాటలో దాటేశారు. రొయ్యల మీద బతికే మా జిల్లాలో చెప్పే పాఠంలో వాణిజ్యాన్ని అలా దాటేయకూడదు. ఒకప్పుడు మన టైగర్ రొయ్యకు జపాన్ పెద్ద మార్కెట్, ఇప్పుడు వనామీ రకం రొయ్యకు అమెరికా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుపై సుంకాన్ని 50 శాతానికి చేర్చినప్పుడు, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ధర ఎంత చెబుతారోనని ఫోను పట్టుకుని చెరువు గట్టున నిలబడ్డవాళ్లం మేము. చిరకాల మిత్రుడైన జపాన్‌కూ 15 శాతం తప్పలేదు. దాన్ని వాషింగ్టన్‌లో ఎలా సమర్థించారు, టోక్యోలో ఎలా తీసుకున్నారు? దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించాలని మాస్టారిని అడిగాను, ఇక్కడా అడుగుతున్నాను.

వచ్చే నెల అమెరికా, ఫ్రాన్స్. 2003 ఇరాక్ యుద్ధంతో మొదలుపెడతారట. పంచే జిరాక్స్ కాగితాల్లో అక్షరాలు సరిగా కనబడవు కాబట్టి నోటుపుస్తకం తీసుకెళ్లండి. ముందు వరుసలోనే కూర్చోండి, వెనక ఫ్యాను చప్పుడుకు మాట వినబడదు.