అల్యూమినియం నాలుగేళ్లు, కార్బన్ మూడేళ్లు: ఉదయగిరి వాలులో రెండు ఫ్రేములు

ఆదివారం వస్తే తెల్లవారకముందే కావలిలో ట్రాలీ ఆటోకి సైకిళ్లు కట్టుకుని ఉదయగిరి బయలుదేరడం మాకు ఏడేళ్ల అలవాటు. కోట మెట్ల జోలికి వెళ్లం. పక్క వాలులో కలేకాయ పొదల మధ్య మేకలు దిగే బాట ఒకటుంది, అంతా పలుగురాళ్లే. ఆ బాట మీద మొదటి నాలుగేళ్లు అల్యూమినియం ఫ్రేముతో దిగాను, తర్వాత మూడేళ్లుగా కార్బన్ ఫైబర్ ఫ్రేముతో దిగుతున్నాను. రెండూ అచ్చమైన డౌన్‌హిల్ బండ్లే, అంటే కొండ దిగడానికే చేసిన సైకిళ్లు, ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల దాకా చక్రం కుంగే షాకబ్జర్లున్నవి. ఈ ప్రాంతంలో ఉండి ఈ కొండలు తొక్కేవాళ్లు అడిగితే అల్యూమినియమే కొనమంటాను.

అందరూ ముందు అడిగేది బరువు. నిమ్మకాయల కాటా మీద పెట్టి తూచాం. అల్యూమినియం బండి 17 కిలోల 200 గ్రాములు, కార్బన్ బండి 16 కిలోల 300. దిగేటప్పుడు ఆ తేడా నాకెప్పుడూ తెలియలేదు. ఎక్కేటప్పుడు తెలిసింది. పై దేశాల బైక్ పార్కుల్లో పైకి తీసుకెళ్లడానికి లిఫ్టులుంటాయి, మనకు భుజమే దిక్కు. రోళ్లు పగిలే రోహిణి ఎండలో గంటన్నర నెట్టుకుంటూ ఎక్కితే, దాదాపు లీటరు నీళ్ల బరువు తగ్గడం చిన్న సంగతేమీ కాదు. కార్బన్‌కి ఆ మార్కు ఇవ్వాల్సిందే. చేతులకు తగిలే అదురు కూడా కొంచెం తక్కువే, కానీ టైర్లో గాలి రెండు పీఎస్ఐ తగ్గించినప్పుడు నాకు తెలిసిన తేడా అంతకంటే ఎక్కువ.

కార్బన్ పెళుసు, దెబ్బకి పుటుక్కున విరుగుతుంది అనే మాట మాత్రం నమ్మొద్దు. డౌన్‌హిల్ రేసర్ గ్రెగ్ మినార్ 2012, 2013లో ప్రపంచ ఛాంపియన్ అయింది కార్బన్ ఫ్రేము మీదే. ఇంకో రేసర్ అమౌరీ పియెరాన్ 2018లోనూ 2022లోనూ వరల్డ్ కప్ ఓవరాల్ టైటిల్ గెలుచుకుంది కమెన్సాల్ కంపెనీ వారి అల్యూమినియం బండి మీద. ఆ స్థాయిలోనే రెండూ గెలుస్తుంటే, మన బాటకి బలం చాలదేమోనన్న బెంగ అక్కర్లేదు. నేను చెప్పే తేడా అంతా దెబ్బ తగిలిన తర్వాత మొదలవుతుంది.

అల్యూమినియం ఫ్రేము నాలుగో ఏడు బీటిచ్చింది. బండి కడుగుతుంటే వెనక చైన్‌స్టే మీద, అంటే పెడళ్ల దగ్గర్నుంచి వెనక చక్రం దాకా వెళ్లే గొట్టం మీద, వెల్డింగ్ అంచునే, రంగులో వెంట్రుక లాంటి గీత కనిపించింది. గోరు పెడితే పట్టుకుంది. అల్యూమినియానికి అలసట ఉంటుంది, చిన్న చిన్న కుదుపులే ఏళ్ల తరబడి పోగై బీటగా బయటపడతాయి. అప్పుడు నేను చేసిన తప్పు, ఆర్గాన్ వెల్డింగ్ చేయించడం. అతుకు చూడముచ్చటగా వచ్చింది. ఆరు వారాలకి దాని పక్కనే మళ్లీ విచ్చింది. వెల్డర్ తప్పు కాదది. 6061 రకం అల్యూమినియం ఫ్రేముని ఫ్యాక్టరీలో అతికాక 530 డిగ్రీల దాకా వేడి చేసి, ఒక్కసారిగా చల్లార్చి, మళ్లీ 170 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. దాని గట్టిదనమంతా అక్కడ వచ్చేదే. మనం మళ్లీ మంట పెడితే ఆ చుట్టుపక్కల అదంతా పోతుంది. చివరికి కొత్త చైన్‌స్టే తెప్పించి, బేరింగులు మార్చి బిగించుకున్నాను. మిగతా ఫ్రేము అలాగే ఉంది.

కార్బన్ దెబ్బ వేరే రకం. రెండో ఏడు వానాకాలంలో ముందు టైరు ఎగరేసిన పలుగురాయి ఒకటి కింది గొట్టానికి ఠాప్‌మని తగిలింది. దిగి చూస్తే చింతగింజంత రంగు లేచింది, అంతే. నొక్కితే గట్టిగానే ఉంది. రెండు నెలలు అలాగే తొక్కాను. తర్వాత మనసొప్పక జువ్వలదిన్నెలో ఫైబర్ పడవలు బాగుచేసే మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బండిని రెండు చెక్కల మీద పడుకోబెట్టి, కొత్త కుండ కొనేటప్పుడు తట్టి చూసినట్టు, రూపాయి బిళ్లతో గొట్టం పొడుగునా అంగుళానికోసారి తట్టుకుంటూ పోయాడు. టిక్కు టిక్కుమంటూ వచ్చిన చప్పుడు రాయి తగిలిన చోట డబ్బుమంది. అక్కణ్నుంచి జానెడు దాకా అదే చప్పుడు. సుద్దతో చుట్టూ గీత గీశాడు.

"లోపల పొరలు విడిపోయుండాయబ్బయ్యా. పడవకైతే మ్యాటేసి రెజిన్ పూసేస్తా. దీని మీద కొండ దిగతానంటివి గదా, నేను చెయ్యి పెట్టను."

ఆ మాట నన్ను కాపాడింది. పైన చింతగింజంత, లోపల జానెడు. అల్యూమినియం అయితే అంత దెబ్బకి సొట్ట పడి కంటికి కనిపించేది. కార్బన్ పొరలు పొరలుగా రెజిన్‌తో అతికిన గుడ్డ, పై పొర నవనవలాడుతుండగానే లోపలివి విడిపోవచ్చు. అమ్మిన షాపువాళ్లు, తగిలిన దెబ్బకి వారంటీ వర్తించదన్నారు. బెంగళూరులో కార్బన్ పని చేసేవాళ్లకి పంపించాను. పాడైన పొరలన్నీ వాలుగా అరగదీసి, ఎపాక్సీతో కొత్త పొరలు వేసి, వేడి పెట్టి గట్టిపరిచారు. పని బాగుంది, ఇప్పటికీ నిలిచింది. కానీ నలభై రోజులు బండి లేదు.

సముద్రం పక్క ఊళ్లవాళ్లకి ఇంకో మాట. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ మధ్యలో ఉప్పు తేమ చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. నా కార్బన్ ఫ్రేములో సీసా బిగించే మరల చుట్టూ సున్నంలాంటి తెల్లపొడి ఏడాదిలోపే వచ్చింది. ఇప్పుడు ఆరునెలలకోసారి అన్నీ విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, ఎంత బిగువు పడిందో చూపించే టార్క్ రెంచితోనే బిగిస్తాను. చేతి అంచనాతో కార్బన్‌ని బిగించొద్దు. రిపేరు స్టాండుకి కూడా సీటు కింద పైకీ కిందకీ జరిగే కడ్డీనే పట్టించాలి, ఫ్రేము గొట్టాలని కాదు.

పాత కార్బన్ బండి కొనేవాళ్లు జేబులో రూపాయి బిళ్ల వేసుకుని వెళ్లండి. కింది గొట్టం, చైన్‌స్టేలు, హ్యాండిల్ దిగే హెడ్ దగ్గర అంతా తట్టి చూడండి. పైన స్టిక్కర్లు కొత్తగా అతికించి ఉంటే పీకి చూపించమనండి.

నా కార్బన్ బండి ఇంకా తొక్కుతున్నాను, కింది గొట్టానికి మందపాటి రబ్బరు షీటు చుట్టి. పోయిన నెల మా అక్క కొడుకు మొదటి డౌన్‌హిల్ బండి కొంటానంటే అల్యూమినియందే ఇప్పించాను. కార్బన్ కంటే తక్కువకి రావడంతో మిగిలిన డబ్బుతో రెండు జతల టైర్లు, బ్రేకు ప్యాడ్లు కొని, చైన్‌స్టే ఒకటి ముందుగానే తెప్పించి అటక మీద పెట్టాం.