కొత్త శిక్షకుడి కూత వ్యూహం: గుంటూరు కళాశాల కబడ్డీ జట్టుపై సమీక్ష

గుంటూరులో నేను చదివిన కళాశాల కబడ్డీ జట్టుకు ఈ ఏడాది కూతల వ్యూహం చూసుకోవడానికే ప్రత్యేకంగా ఒక శిక్షకుడిని తీసుకువచ్చారు. నాగార్జున విశ్వవిద్యాలయం అంతర కళాశాలల పోటీలకు సన్నాహకంగా జట్టు ఆడిన మ్యాచ్‌లను శ్రద్ధగా చూశాక, ఆయన పద్ధతిలోని బలమూ లోపమూ రెండూ రాయదగ్గవేనని అనిపించింది.

ఇన్నాళ్లూ మా దాడి అంతా ఒక్క రైడర్ (కూతకు వెళ్లే ఆటగాడు) మీదే నడిచేది. అతను కోర్టులో ఉన్నంతసేపు పాయింట్లు వచ్చేవి, అవుటై బయట కూర్చోగానే మిగతావారు బాక్ లైన్ (అవతలి సగంలో రైడర్ తప్పక దాటాల్సిన గీత) దాటి, 30 సెకన్లు గడిపి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవారు. కొత్త శిక్షకుడు ముందుగా ఈ అలవాటును మాన్పించారు. ఇప్పుడు ముగ్గురు వంతులవారీగా కూతకు వెళ్తున్నారు. అవతల ఎంతమంది మిగిలారన్న దాన్ని బట్టి తమ పని ఏమిటో తెలుసుకునే గీత దాటుతున్నారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఖాళీ కూతను ఆయన వాడుకునే తీరు. వరుసగా రెండు కూతలు పాయింటు లేకుండా పోతే మూడోది డూ ఆర్ డై అవుతుంది, అందులో పాయింటు తేలేని రైడర్ అవుటవుతాడు. చాలా కళాశాల జట్లలో ఆ మూడో కూత ఎవరి వంతుకు వస్తే వారు బెదురుతూ వెళ్తారు. ఇక్కడ రెండో కూతకు వెళ్లిన కుర్రవాడు, చివరన నిలిచే కార్నర్ ఆటగాడు కాలు పట్టడానికి ఎంత ముందుకు వస్తున్నాడో, లోపలి వైపు నిలిచే కవర్ ఆటగాళ్లు చైన్ (పక్కవారి చేయి పట్టుకుని కట్టే గొలుసు) ఎప్పుడు వదులుతున్నారో గమనించి వచ్చి చెబుతాడు. ప్రత్యర్థి కూత ముగిశాక, ఆ సమాచారంతో జట్టులోని మేటి రైడర్ మూడో కూతకు దిగుతాడు. ప్రో కబడ్డీ లీగ్ 2014లో మొదలయ్యాక పేరుమోసిన రైడర్ పర్దీప్ నర్వాల్ డుబ్కీని (పట్టబోయేవారి చేతుల కింద నుంచి వంగి జారుకునే ఎత్తును) అనుకరించబోయే పిల్లలు ప్రతి మైదానంలోనూ కనిపిస్తున్నారు. చేతి టచ్, కాలివేళ్ల టచ్ కుదిరేదాకా ఈయన ఎవరినీ దాని జోలికి పోనివ్వరు, ఆ పట్టుదల చాలా మంచిది.

అయితే బోనస్ (లోపలి బోనస్ గీత దాటి కాలు మోపితే వచ్చే పాయింటు) మీద ఆయన పెట్టుకున్న నమ్మకం మోతాదు మించింది. అవతల ఆరుగురో ఏడుగురో ఉంటే బోనస్ గీతకే వెళ్లాలన్నది ఆయన నియమం. బోనస్ వల్ల స్కోరు పెరుగుతుంది కానీ ప్రత్యర్థి ఒక్కడూ అవుటవడు, బయట కూర్చున్న మనవాడు ఒక్కడూ తిరిగి రాడు. మనవాళ్లు నలుగురు బయట ఉన్నప్పుడు కూడా బోనస్‌లే ఏరుకుంటూ పోతే కోర్టు పలచగానే ఉండిపోతుంది, చివరికి ఆలౌట్ (జట్టు మొత్తం అవుటవడం) రూపంలో రెండు అదనపు పాయింట్లు అవతలివారికి సమర్పించుకోవలసి వస్తుంది. ఒక సన్నాహక మ్యాచ్‌లో సరిగ్గా ఇదే జరిగింది. అవతలి తలలతో పాటు మన తలలు కూడా లెక్కపెట్టి నియమం మార్చుకోవాలి.

ప్రత్యర్థులు ముగ్గురికి తగ్గినప్పుడు ఆలౌట్ కోసం తొందరపడి లోతుకు వెళ్లడం మరో బలహీనత. అక్కడ దొరికితే సూపర్ టాకిల్‌కు (ముగ్గురో అంతకన్నా తక్కువమందో ఉండి రైడర్‌ను పట్టడం) రెండు పాయింట్లు పోతాయి. ఓపిక పడితే ఆ ముగ్గురిలో ఒకరు మన నిండు కోర్టులోకి కూతకు రాక తప్పదు, అప్పుడు పట్టుకోవచ్చు.

ఇన్ని చెప్పినా, ఆయనను వచ్చే ఏడాదికి కూడా కొనసాగించాలనే నా గట్టి అభిప్రాయం. ఇప్పుడు సాధన మట్టి కోర్టు మీద, పోటీ మ్యాట్ మీద జరుగుతున్నందువల్ల మలుపుల్లో పిల్లల కాళ్లు తడబడుతున్నాయి. వారానికి కొన్ని సాయంత్రాలైనా మ్యాట్ దొరికేలా కళాశాల యాజమాన్యం చూస్తే ఆయన నేర్పుతున్నది పోటీల్లోనూ పనికివస్తుంది.