వాక్యవృక్షం నుంచి పదక్రమం దాకా: ఒక ఆన్‌లైన్ కోర్సు సమీక్ష

జనరేటివ్ గ్రామర్ (వాక్యాలు ఏ నియమాలతో నిర్మాణమవుతాయో వివరించే భాషాశాస్త్ర సిద్ధాంతం) గీసే వాక్యవృక్షం, అంటే పదాలు ఒకదానితో ఒకటి ఎలా జతకూడాయో చూపే కొమ్మల పటం, నోట పలికే పదాల వరుసగా ఎలా మారుతుందన్న ప్రశ్న చుట్టూనే సాగే ఈ వీడియో కోర్సును, వాక్యనిర్మాణంలో తొలిపాఠాలు చదివినవారు తప్పక చూడాలి. మెర్జ్ అనే ప్రక్రియ రెండు అంశాలను జతచేస్తుందే తప్ప వాటిలో ఏది ముందో చెప్పదనీ, నోరు ఒకేసారి రెండు మాటలు పలకలేదు కనుకనే వరుస అవసరమవుతుందనీ, అందుకే ఈ సిద్ధాంతానికి మూలపురుషుడైన భాషావేత్త నోమ్ చామ్‌స్కీ 1995లో ఆ పనిని ఉచ్చారణ వైపుకు నెట్టారనీ అధ్యాపకులు ఎంతో ఓపికగా వివరించారు.

కోర్సుకు గుండెకాయ భాషావేత్త రిచర్డ్ కేన్ 1994 నాటి సిద్ధాంతం. స్థూలంగా చెప్పాలంటే, ఒక పదం మరోదాన్ని సి-కమాండ్ చేస్తూ (వృక్షంలో ఒక అంశం తన జంట అంశాన్నీ, దాని లోపలివాటినీ సి-కమాండ్ చేస్తుంది), ఆ రెండోది తిరిగి మొదటిదాన్ని చేయలేనప్పుడు, మొదటిదే ముందు పలకాలి. దీని ప్రకారం ఏ భాషలోనైనా శీర్షపదం (పదబంధంలో ప్రధానమైన పదం, ఉదాహరణకు క్రియ) తన పూరకానికి (దానికి జతగా వచ్చే భాగం, ఉదాహరణకు కర్మ) ముందే పుడుతుంది. "సీత పుస్తకం చదివింది" అన్నప్పుడు కర్మ క్రియను దాటి ఎడమకు జరిగిందని ఒప్పుకోవాలి. శీర్షం ముందా వెనకా అన్నది భాషను బట్టి మారే పరామితి అనే పాత వాదానికీ ఇక్కడ న్యాయమైన చోటు దక్కింది.

నాకు నిజంగా వెలితి అనిపించింది క్రియాంత భాషల విషయంలోనే. "సీత వచ్చిందని రవి చెప్పాడు" అనే వాక్యాన్నే తీసుకుందాం. "అని" ఉపవాక్యానికి శీర్షం కనుక కేన్ లెక్కన ముందుండాలి, కానీ చివర వచ్చింది. అంటే "సీత వచ్చింది" అన్న భాగమంతా కదిలి "అని"కి ఎడమనున్న స్థానంలో కూర్చుందన్నమాట. ఆ చోటు నిండిపోతుంది కాబట్టే ఇలాంటి భాషల్లో ప్రశ్నపదం వాక్యం మొదటికి వెళ్లదని కేన్ సూచించారు, "సీత ఎవరిని చూసింది?" అనే వాక్యంలో "ఎవరిని" కర్మ స్థానంలోనే ఉండటం గమనించండి. ఇంత చక్కని పర్యవసానాన్ని కోర్సు ప్రస్తావించనే లేదు, ఉదాహరణలు దాదాపు అన్నీ ఇంగ్లీషువే.

భాషావేత్తలు ఫాక్స్, పెసెట్‌స్కీల 2005 ప్రతిపాదనపై పాఠం మాత్రం హడావిడిగా ముగిసింది. ఒక దశలో ఖాయమైన వరుసను తర్వాతి కదలికలు తారుమారు చేయకూడదన్న ఆ ఆలోచనకు, స్వీడిష్‌లో క్రియ కదిలితేనే కర్మ సర్వనామం నిషేధపదాన్ని దాటగలదన్న ఉదాహరణను ఒక్క స్లయిడ్‌తో సరిపెట్టారు. వృక్షాలు మాత్రం స్పష్టంగా, మెట్టుమెట్టుగా గీశారు. అభ్యాసాలకు జవాబులతో పాటు వివరణలూ ఉన్నాయి. సి-కమాండ్‌పై పట్టు లేనివారు ముందుగా వాటిలో మొదటి భాగాన్ని చేసి, తర్వాత కేన్ పాఠానికి రావడం మేలు.