పీడీఏ పొడి: డెల్టా తేమలో కొన్నేళ్ల వాడకం తర్వాత

వరి దుబ్బుల నుంచి పాము పొడ తెగులు శిలీంధ్రం (రైజోక్టోనియా), కొబ్బరి మొదళ్ల నుంచి గానోడెర్మా అనే మరో శిలీంధ్రం తెచ్చి పెంచే కోనసీమ ల్యాబుకు రెడీమేడ్ పొటాటో డెక్స్ట్రోజ్ ఆగర్ (పీడీఏ) పొడి, అంటే శిలీంధ్రాలను పెంచే మీడియం పొడి, రోజువారీ పనిలో ఢోకా ఇవ్వలేదు. లీటరుకు 39 గ్రాములు: దుంప సారం 4, డెక్స్ట్రోజ్ 20, మీడియాన్ని గట్టిపరిచే ఆగర్ 15. రైజోక్టోనియా 90 మి.మీ. ప్లేటును రెండు మూడు రోజుల్లో నింపేసి, ఆపైన గోధుమరంగు స్క్లెరోషియా (గట్టి గింజల్లాంటి శిలీంధ్రపు ముద్దలు) కడుతుంది.

చిక్కంతా తేమతోనే. మూత తీసిన డబ్బా వానాకాలంలో రాయిలా గడ్డకడుతుంది. ఆ గడ్డను చిదిపి తూస్తే పీల్చుకున్న నీళ్లు కూడా 39లో కలిసిపోతాయి. ఆగర్ తగ్గి, ప్లేటు వంచితే సరిగా తోడుకోని పెరుగులా కదులుతుంది. డబ్బా తెరిచిన రోజే 250 మి.లీ.కు 9.75 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో కట్టి, సిలికా జెల్ వేసిన బిగుతు డబ్బాలో దాచాలి. అప్పటికే గడ్డకట్టినది పారేయడమే మేలు.

ఆటోక్లేవ్‌లో (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపే పాత్ర) మామూలే: 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి, 15 నిమిషాలు. ఫ్లాస్కు సగానికి మించి నింపొద్దు. ఒత్తిడి ముల్లు సున్నాకు దిగకముందే ఆవిరి వదిలితే మీడియం పొంగి దూది బిరడా తడుస్తుంది, తర్వాత బూజు దిగేది ఆ తడి దారినే. వేడివేడిగా పోస్తే మూతలోపల చెమట పట్టి, ఆ చుక్కలు జారి బాక్టీరియాను ప్లేటంతా అలికేస్తాయి. 45–50 డిగ్రీలకు చల్లారాక ప్లేటుకు 20 మి.లీ. పోయాలి.

మట్టి నమూనాలకు లీటరుకు బాక్టీరియాను ఆపే యాంటీబయోటిక్ క్లోరాంఫెనికాల్ 50 మి.గ్రా. ముందే కలపొచ్చు, ఆటోక్లేవ్ వేడికి తట్టుకుంటుంది. స్ట్రెప్టోమైసిన్ మాత్రం చల్లారాకే. టార్టారిక్ ఆమ్లంతో పీహెచ్ 3.5కు దించిన మీడియాన్ని మళ్లీ కరిగించారో, ఇక గట్టిపడదు.

ఈ పొడికి మార్కులు పోయేది శిలీంధ్ర బీజాల దగ్గర. అగ్గి తెగులు శిలీంధ్రం దీనిమీద బూడిదరంగు నూగుతో సరిపెట్టేస్తుంది. దానికి ఓట్‌మీల్ ఆగరే దిక్కు. లీటరుకు 200 గ్రాముల దుంపలు ఉడికించి సొంతంగా చేసుకునేవాళ్లు పచ్చబడ్డవి ఏరేయాలి, గుడ్డలో వడగట్టేటప్పుడు పిండకూడదు. పిండిపదార్థం దిగితే ప్లేటు మసకబారి, అడుగు నుంచి కాలనీ రంగు కనబడదు.

నిల్వ స్లాంట్లకు (మీడియం ఏటవాలుగా గట్టిపడ్డ గొట్టాలు) సగం పొడి చాలు: లీటరుకు 19.5 గ్రాములు, అదనంగా ఆగర్ 7.5 గ్రాములు. పూర్తి బలం మీద పదేపదే మార్చిన ట్రైకోడెర్మా శిలీంధ్రంలో పచ్చదనం తగ్గి తెల్ల నూగే మిగులుతుంటుంది.