మాస్ గెయినర్ డబ్బా కొనబోయే బక్కోళ్ళకు జాగ్రత్త

నల్గొండలో జిమ్‌కు పోయే తమ్ముళ్ళకు, ముఖ్యంగా నాలాగా ఏం తిన్నా ఒంటికి పట్టని బక్కోళ్ళకు చెప్తున్నా. మాస్ గెయినర్ అంటే బరువు పెరగడానికని పాలల్లో కలుపుకుని తాగే పొడి. నిన్న సాయంత్రం జరిగింది, రాత్రంతా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. షాపు పేరు రాయను, రాస్తే రేపు వాడే నా మీద కేసు పెడతానంటాడు. అద్దాల వెనక డబ్బాలు పేర్చి, కండల పోస్టర్ అంటించి ఏసీలో కూర్చునే షాపు. అక్కడ కొన్నవాళ్ళకు ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది.

నా ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు, బరువు 53 కిలోలు. తినాలని ఉంటుంది, తినలేను. ఒక ప్లేటు అన్నం అయ్యేసరికి గొంతు దాకా వచ్చేస్తుంది. టిఫిన్ డబ్బాలో సగం వెనక్కి తెస్తానని అమ్మ రోజూ తిడుతుంది. దావత్‌లలో దోస్తులు మూడోసారి బగారన్నం పెట్టించుకుంటుంటే నేను చెయ్యి కడుక్కుని కూర్చుంటా. నాలుగు నెలలుగా బరువులు ఎత్తుతున్నా, చొక్కా మాత్రం భుజాల మీద హ్యాంగర్‌కు వేసినట్టే ఉంది. అప్పుడు మా కోచ్ అన్నాడు, "తమ్మీ, నీతోని తినుడు అయితలేదు, తాగు. పాలల్ల మూడు స్కూపులు కొట్టుకొని తాగితే నెలకు నాలుగు కిలోలు పక్కా. నా పేరు చెప్పు, తక్కువకిస్తడు." నా పేరు చెప్పు అన్నప్పుడే నాకు వెలగాలి. వెలగలేదు.

3 కిలోల డబ్బా, 2,800 రూపాయలు, ఫోన్‌లో కొట్టాను. బిల్లు అడిగితే "బిల్లంటే జీఎస్టీ పడ్తది, నీకెందుకు" అన్నాడు, నాకేదో మేలు చేస్తున్నట్టు. నేను "థ్యాంక్స్ అన్నా" అని కూడా చెప్పాను. చెప్పుతో కొట్టుకోవాలి.

డబ్బా ముందు పెద్ద అక్షరాల్లో 1,250 కేలరీలు, 50 గ్రాముల ప్రోటీన్ అని ఉంటుంది. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది నేను చదివింది కొన్న పదో రోజున. అది 334 గ్రాముల పొడికట! అంటే వాళ్ళు రాసినట్టు రోజూ తాగితే డబ్బా తొమ్మిది రోజులకే ఖాళీ. వంద గ్రాములకు లెక్కేస్తే 375 కేలరీలు, 15 గ్రాముల ప్రోటీన్. పదార్థాల్లో మొట్టమొదటి పేరు మాల్టోడెక్స్‌ట్రిన్, స్టార్చ్ నుంచి తీసే పొడి, ఒంట్లోకి పోతే చక్కెరంత తొందరగా కరిగిపోయేది. అదే వంద గ్రాముల పల్లీల్లో 560 కేలరీల పైనే ఉంటాయి, ప్రోటీన్ 25 గ్రాములు. అచ్చంపేట నుంచి మా మేనమామ ఏటా పంపే పల్లీల బస్తా వంటింట్లో మూలకు పడి ఉంది, నేను మాత్రం మైదా రంగు పొడిని మిక్సీలో కొట్టుకుంటూ కూర్చున్నా.

పోనీ అదన్నా పని చేసిందా. రాత్రి తాగితే పొద్దున దాకా కడుపు ఉబ్బి బిగుసుకుపోయేది, ఆకలి ఊసే లేదు, తినే ఆ ఒక్క ప్లేటు కూడా సగమైంది. ఐదో రోజు నుంచి బాత్రూం చుట్టూ తిరుగుడు. అనుమానమొచ్చి, అసలుదా నకిలీదా తెలుసుకోవడానికి మూత దగ్గర ఉండే స్టిక్కర్ గీకి, దాని కింది కోడ్ ఫోన్‌లో కొడితే "ఈ కోడ్ ఇంతకుముందే చెక్ చేశారు" అని వచ్చింది. గీకింది నేను, కొట్టింది నేను, ఇంతకుముందు చెక్ చేసింది ఎవరు, మా అమ్మనా? తేదీ మీద ఇంకో తేదీ అంటించి ఉంది, గోరుతో లేపితే లేచింది.

డబ్బా పట్టుకుని షాపుకు పోయా. లోపల ఇంటర్ వయసు పిల్లలు నలుగురు, మూలకు స్టూల్ మీద చాయ్ తాగుతూ మా కోచ్. మంచిదే, నా తరఫున ఒక మాట చెప్తాడులే అనుకున్నా. కోడ్ మెసేజ్ చూపిస్తే షాపువాడు ఫోన్ వైపు చూడను కూడా చూడలేదు. "సీల్ తీసినంక వాపస్ లేదు." సీల్ తీయకుండా లోపల ఏముందో ఎట్లా తెలుస్తదన్నా అన్నాను, గొంతు కొంచెం లేచింది, ఒప్పుకుంటా. అప్పుడు వాడు కౌంటర్ కింది నుంచి బరువు మిషన్‌ను కాలుతో ముందుకు తోశాడు. "ఎక్కు." ఎందుకన్నా అంటే "ఎక్కు తమ్మీ, అందరు చూస్తరు." ఎక్కాను. ఎందుకు ఎక్కానో నాకే తెలియదు, చెప్పులు విప్పి మరీ ఎక్కాను. 52.2. వాడు దాన్ని పైకి చదివి, ఆ పిల్లల వైపు తిరిగి, "యూరియా బస్తా కంటె ఏడు కిలోలు ఎక్కువున్నడు. ఇంట్ల అన్నం తినుడు రాదు గని నా డబ్బాను అంటడు" అన్నాడు. పిల్లలు పగలబడి నవ్వారు. నేను కోచ్ వైపు చూశా. ఆయన చాయ్ గ్లాసులోకి చూస్తూ "గా డబ్బనే కొనుమని నేనెప్పుడు చెప్పిన తమ్మీ" అన్నాడు.

అన్నం తినడం రానివాడికే కదా అయ్యా ఈ డబ్బా అని అమ్మింది! తినలేనని చెప్పుకున్నందుకు 2,800 తీసుకున్నారు, పన్నెండు రోజులకు తినట్లేదని నలుగురిలో నవ్వారు. వాడన్నది అబద్ధమైతే ఇంత మండేది కాదు. అదే మాట డబ్బులు తీసుకునే ముందు అని ఉంటే కాళ్ళు మొక్కేవాణ్ణి. నేను చెప్పులు వేసుకునేలోపే ఆ పిల్లల్లో ఒకడు అదే డబ్బా చేతిలోకి తీసుకుని రేటు అడుగుతున్నాడు. ఆపాలి కదా. నోరు రాలేదు, తలదించుకుని బయటికొచ్చేశా.

సరే, కొనాల్సి వస్తే బిల్లు లేకుండా కొనకండి. డబ్బులు ఇవ్వకముందే అక్కడే స్టిక్కర్ గీకించండి, వద్దంటే వచ్చేయండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబర్, అంటే ఆహార భద్రతా సంస్థ ఇచ్చే లైసెన్స్ నంబర్, ఉందా చూడండి, ప్రోటీన్ ఎంతో వంద గ్రాముల లెక్కలో చదవండి. నేను 1915కు, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు, ఫోన్ చేస్తా, చేతిలో డబ్బులు కొట్టిన మెసేజ్ ఒక్కటే ఉంది, దానితోనే చూస్తా. ప్రస్తుతానికి పొద్దున రెండు గుడ్లు, మధ్యలో గుప్పెడు పల్లీలు, పడుకునే ముందు గ్లాసు పాలు, ఒకేసారి కుక్కకుండా. జిమ్ మార్చేశా.

నిన్న అక్కడున్న నీలం టీషర్ట్ తమ్ముడూ, కొనేసి ఉంటే మూత తీయకు. ముందు స్టిక్కర్ గీకు.